కోత అన్న పిల్లవాడు తప్పు వ్రాయలేదు



భూగోళ పరీక్షలో ఒక విద్యార్థి "వాన నీరు మట్టిని కోసుకుపోతుంది, దానిని కోత అంటారు" అని వ్రాశాడు. నేను "కోత"ను కొట్టివేసి, ఎర్ర సిరాతో "క్రమక్షయం" అని దిద్దాను. కోలారు ప్రాంతపు మెట్టపొలాల నుండి వచ్చిన పిల్లవాడతడు. వంక గట్టు విరిగిపడటం కళ్లారా చూసినవాడు. ఆ దిద్దుబాటు నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది.

ఆనాటి పాఠం అమెరికాలోని దక్షిణ డకోటా బ్యాడ్‌లాండ్స్ గురించి. ఆ పేరు అక్కడి లకోటా ప్రజల "మాకో సీచా" అన్న మాటకు అనువాదమే. చెడ్డ నేల అని అర్థం. శాస్త్రం ఆ జనుల మాటను స్వీకరించింది. మన పిల్లల మాటను మనమెందుకు కొట్టివేయాలి?

ఆ నేలలో రెండు రకాల వాలులున్నాయి. వాటి తేడాను స్టాన్లీ షుమ్ 1956లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. చాడ్రన్ పొరల బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి, పైన గుల్లగా ఉంటుంది. నీరు అందులోకి ఇంకుతుంది. మట్టి కొద్దికొద్దిగా క్రిందికి జారుతుంది. అందుచేత దిబ్బ తల గుండ్రబడుతుంది. బ్రూల్ పొరలలో నీరు అంతగా ఇంకదు. పైపైనే పారి వాలును చెక్కుతుంది. ఆ వాలు ఏటేటా వెనక్కి జరుగుతున్నా తన నిటారుతనాన్ని వదులుకోదు. మొత్తం మీద అక్కడి నేల ఏడాదికి సుమారు ఒక అంగుళం తరుగుతున్నదని లెక్క.

"క్రమక్షయం" అన్న పదం ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టివేస్తుంది. జారడం, కోయడం అన్న ఇంటి మాటలు వాటిని విడదీసి చూపుతాయి. పారిభాషిక పదం వద్దనడం నా ఉద్దేశం కాదు, పబ్లిక్ పరీక్షలో అది కావలసిందే (అక్కడ మార్కులు వేసేది నేను కాదు గదా!). అయితే పిల్లవాడు చూసినదానిని మొదట తన మాటలలో చెప్పనివ్వాలి, ఆపైన ఆ పదాన్ని అందించాలి. తన ఇంటి తెలుగు చదువుకు పనికిరాదని అతడు నమ్మిన రోజున, తల్లిదండ్రులు అతడిని తెలుగు మాధ్యమంలో ఉంచడానికి ఇక కారణమేముంటుంది?

బడి వెనుక రెండు మట్టికుప్పలు, రెండు చెంబుల నీళ్లు చాలు. ఒక కుప్పను గుల్లగా వదలండి. రెండవదానిని అరచేతితో గట్టిగా చరచండి. నీళ్లు చిలకరించి, ఏది జారిందో, ఏది కోసుకుపోయిందో పిల్లలనే వ్రాయమనండి.