ఎవరి చేతిలో తరాజు?

హెవీవెయిట్ బాక్సింగులో అందరికంటే గొప్పవాడెవరు? జాక్ జాన్సనా, డెంప్సీయా, జో లూయిసా, మార్సియానోనా, ముహమ్మద్ అలీనా? ఈ చర్చ వచ్చినప్పుడల్లా మాకొక హితబోధ వినిపిస్తుంది. రంగు, మతం, రాజకీయం పక్కన పెట్టండి, ఆటను ఆటగా చూడండి, రికార్డులు చూడండి అని. సరే, రికార్డులే చూద్దాం.

1915లో హవానాలో జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్నాక, 1937లో జో లూయిస్ దాకా, 22 ఏళ్లపాటు ఒక్క నల్లవాడికీ హెవీవెయిట్ టైటిల్ పోటీకి అవకాశం ఇవ్వలేదు. 1919 నుంచి 1926 దాకా చాంపియన్‌గా ఉన్న డెంప్సీ, ఆ కాలపు మేటి నల్ల బాక్సర్ హ్యారీ విల్స్‌తో ఒక్కసారీ తలపడలేదు. రికార్డు పుస్తకంలో జరిగిన పోటీలే ఉంటాయి. జరగనివ్వని పోటీలు ఏ పేజీలో వెతకాలి?

మార్సియానో 49 పోటీల్లో 49 గెలిచాడు, ఇంతకు మించిన లెక్కేముంది అంటారు. ఆ 49లో 1951 నాటి జో లూయిస్ ఒకడు. అప్పటికి లూయిస్‌కు 37 ఏళ్లు. ఆ వయసులో రింగులో ఎందుకున్నాడు? 1942లో రెండు పోటీల సొమ్మును నౌకాదళం, సైన్యం సహాయనిధులకు ఇచ్చాడు. తానూ సైన్యంలో చేరాడు. యుద్ధం అయ్యాక పన్నుల శాఖ బాకీల కోసం అతని వెంటపడింది. రిటైరైన మనిషి 1950లో మళ్లీ గ్లౌజులు తొడుక్కున్నాడు. ఇందులో మార్సియానో తప్పేమీ లేదు. ఎదురొచ్చినవాణ్ణి కొట్టాడు. ఎదురొచ్చింది ఎవరో, ఎందుకొచ్చాడో చెప్పని అంకె మీదే మా ఫిర్యాదు.

మనుషులకు పక్షపాతం ఉంటుంది, యంత్రానికి ఉండదు కదా అని 1967లో రేడియో కోసం కంప్యూటర్‌తో పాత, కొత్త చాంపియన్లకు పోటీ పెట్టారు. అందులో అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు! ఎవరీ జెఫ్రీస్? చాంపియన్‌గా ఉన్నన్నాళ్లూ నల్లవాళ్లకు టైటిల్ పోటీ ఇవ్వనివాడు. తెల్లజాతి పరువు నిలబెట్టమని అందరూ పోరితే 1910 జూలై 4న రీనోలో జాన్సన్ మీదికొచ్చి 15వ రౌండులో కూలినవాడు. ఆ రాత్రి జాన్సన్ గెలుపుకు శిక్షగా అమెరికా నగరాల్లో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అలీ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. 1969లో అలీ, మార్సియానోల మధ్య ఉత్తుత్తి పోరాటం ఒకటి సినిమా తీశారు. ముగింపులు ఒకటికి మించి తీసి పెట్టుకున్నారు. 1970 జనవరిలో అమెరికాలో చూపిన ముగింపులో అలీ 13వ రౌండులో నాకౌట్ అయ్యాడు. నిజమైన రింగులోకి రానివ్వని మనిషిని వెండితెర మీద పడగొట్టి చప్పట్లు కొట్టించారు. యంత్రానికి తిండి పెట్టేది మనుషులే.

అలీ రికార్డులో అసలు ఖాళీ అదే. 1967 మార్చి నాటికి 29 పోటీలు, 29 గెలుపులు, 25 ఏళ్ల వయసు. ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ పోయింది, లైసెన్సులు పోయాయి. అయిదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. అప్పీలు మీద బయట ఉన్నా, 1970 అక్టోబరు దాకా మూడేళ్ల ఏడు నెలలు రింగు ముఖం చూడలేదు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. శిక్ష కొట్టేశారు సరే, ఆ ప్రాయాన్ని ఎవరు తిరిగిచ్చారు?

లూయిస్‌తో అలీని పోల్చే చోట ఇంకో తరాజు బయటికి తీస్తారు. లూయిస్ వినయశీలి, అలీ వాచాలుడు అని. పడిపోయిన తెల్లవాడి ముందు సంబరపడకూడదని, తెల్ల స్త్రీ పక్కన ఫోటో దిగకూడదని లూయిస్‌కు అతని మేనేజర్లే నియమాలు పెట్టారు. ఆ వినయం అలవాటు చేయించిన వినయం. అలీ ఆ నియమాలు ఒప్పుకోలేదు. 1964లో క్లే అన్న పేరు వదిలేస్తే పత్రికలు ఏళ్ల తరబడి ఆ పేరే రాశాయి. 1967లో ఎర్నీ టెరెల్ కూడా అలాగే పిలిస్తే, రింగులో కొడుతూ నా పేరేమిటని అడిగాడు. మంచి నల్లవాడు, చెడ్డ నల్లవాడు అనే ఈ విభజన మాకు కొత్త కాదు. క్రికెట్ మ్యాచి రోజున ఎటు చప్పట్లు కొడతామో చూసి మా దేశభక్తిని తూచేవాళ్ల మధ్య పెరిగాం. జనజీవన స్రవంతిలో కలవమని బోధించేవాళ్లకు లూయిస్‌లే కావాలి. కలిసిన లూయిస్‌కు దక్కింది పన్నుల నోటీసు.

అలీ మావాడు కాబట్టి వెనకేసుకొస్తున్నామనుకుంటే పొరపాటు. లైసెన్సు కోసం తన తరఫున మాట్లాడిన జో ఫ్రేజియర్‌ను అతను తెల్లవాళ్ల బంటు అన్నాడు, 1975 మనీలా పోటీకి ముందు గొరిల్లా అన్నాడు. తన మీద వాడిన ఆయుధాన్నే సాటి నల్లవాడి మీద తిప్పాడు. 2001లో క్షమాపణ చెప్పాడు గాని ఫ్రేజియర్ గాయం అంత తేలికగా మానేది కాదు. గొప్పవాళ్ల లెక్కలో ఇది కూడా రాయాల్సిందే.

పోల్చవద్దని మేము అనడం లేదు. పోల్చండి. ఎవరు ఎన్ని గెలిచారన్న దాని పక్కన, ఎవరిని రింగెక్కనివ్వలేదో, ఎవరి ఏళ్లు లాక్కున్నారో, ఎవరి పేరు పలకనన్నారో కూడా రాయండి. అప్పుడు చెప్పండి ఎవరు గొప్పవాడో. అంతవరకూ రంగు పక్కన పెట్టమనే హితబోధ మాకు చేయకండి. రంగును ముందుగా రింగులోకి తెచ్చింది జాన్సనూ కాదు, అలీ కూడా కాదు.