ఆ హోరు రికార్డుది కాదు!

కొత్తపట్నంలో కాపురముండేవాళ్ళకి హోరు కొత్త కాదు. పగలూ రాత్రీ సముద్రం వినిపిస్తూనే ఉంటుంది. దానికి మేమెవ్వరం వంక పెట్టం. కాని ఘంటసాలవారు గీతాశ్లోకం ఎత్తుకోగానే ఆయన వెనకాల "గుయ్‌" మని ఇంకొక హోరు బయలుదేరుతుందే, దానితోనే నాకు తగాదా! అంతకంటె పెద్ద తగాదా, మన ఇళ్ళలో దానికి చెప్పే కారణంతో. "పాత రికార్డులు కదా, అలాగే ఉంటాయి" అని సెలవిస్తారు.

అలాగే ఎందుకుంటాయండీ? ఆడలేక మద్దెల ఓడన్నట్టు లేదూ! రికార్డు అరిగితే గరగరమంటుంది. గీత పడితే టక్కు టక్కుమంటుంది. ఎడతెరిపి లేకుండా ఒకే శ్రుతిలో గుయ్‌మంటోందంటే, ముల్లు పైకెత్తి చూడండి. పాట ఆగుతుంది. హోరు ఆగలేదా, ఇక ఆ నేరం రికార్డుది కాదు. ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

ఈ చిన్న పరీక్ష చెయ్యకుండానే తీర్పు చెప్పేస్తారు. రికార్డులు అటకెక్కుతాయి. అక్కణ్ణించి పాతసామాన్లవాడి తక్కెడలోకి దిగుతాయి. బాపట్లలో పుట్టి, ఆడవేషాలతో ఆడవాళ్ళనే అబ్బురపరచిన స్థానం నరసింహారావుగారు 1971లో పోయారు. ఘంటసాలవారు 1974లో పోయారు. ఆ కంఠాలు ఉన్నది ఆ పళ్ళేలలోనే కదా! చెయ్యని నేరానికి వాటిని తూకానికి వేస్తే ఎలా?

అసలు నేరస్థుడు కరెంటు. మన ఇళ్ళ కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఆ ఊగడమే హోరుగా వినిపిస్తుంది. ముల్లుని పట్టుకుని ఉండే చిన్న డబ్బీని కార్ట్రిడ్జి అంటారు. అయస్కాంతంతో పనిచేసే రకం అయితే అది ఇచ్చేది ఏ అయిదు మిల్లీవోల్టులో. టార్చిలైటు బ్యాటరీలో మూడు వందలో వంతు! పైగా రికార్డు చేసేటప్పుడు మంద్రస్వరాలని తగ్గించి చెక్కుతారు. అంచేత ఆంప్లిఫయరు వాటిని తిరిగి పెంచాలి. 50 దగ్గర ఆ పెంపు మధ్యస్వరాలకంటె సుమారు ఏడింతలు. పిలవని పేరంటానికి వచ్చిన కరెంటు హోరుకి కూడా ఆ ఏడింతల మర్యాదా జరిగిపోతుంది.

దీనికి మందు చవకే. చాలా ప్లేయర్ల వెనకాల సన్నటి తీగ ఒకటి వేలాడుతుంటుంది. ఆంప్లిఫయరు వెనక 'జి.ఎన్‌.డి.' అని రాసి ఉన్న మరకి దాన్ని బిగించాలి. ముందు ప్లగ్గులు పీకేయడం మరిచిపోకండి. మాలాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఆ మరలూ, పిన్నులూ కిలుం పట్టిపోతాయి. శుభ్రంగా పొడిగుడ్డతో రుద్దాలి. పాట తెచ్చే తీగనీ, కరెంటు తీగనీ కలిపి కట్ట కట్టకూడదు. ఆంప్లిఫయరుని ప్లేయరుకి ఆనించి పెట్టకూడదు. దాని కడుపులో ట్రాన్స్‌ఫార్మరు ఉంది మరి! ఇందులో మనవల్ల కాని పని ఏముంది చెప్పండి?

ఇంతటి చవక వైద్యం వదిలేసి కొందరు చేసే ఘనకార్యం ఒకటుంది. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి ఎర్తు పిన్నుని ఊడబీకేస్తారు. హోరు ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. లోపల కరెంటు లీకయి ఇనప పెట్టెకి తగిలితే, దాన్ని నేలలోకి పంపి ఫ్యూజు ఎగరగొట్టే దారి అదే. ఆ దారి మూసేస్తే కరెంటుకి మిగిలేది ముట్టుకున్న మనిషి. ఇంతకీ ముట్టుకునేదెవరు? ప్లేయరు మగవారి సొత్తయితే, దాని మీద దుమ్ము మన సొత్తు కదా! తడిచేత్తో గుడ్డ పట్టుకుని వెళ్ళేది మనమే. పాట ఎంత మధురమైనదైనా ఒక ప్రాణం ఖరీదు చెయ్యదు. పిన్ను ఊడబీకడం కాదు, పెరట్లో ఎర్తు గుంట ఎలా ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించమనండి. మా ఇసకనేల ఎండితే కరెంటుని సరిగా లోపలికి తీసుకోదు. వేసవిలో తులసికోటకి పోసినట్టే ఆ గుంటకీ ఒక బిందె పొయ్యాలి.

హోరు సంగతి అది. గొంతు చెడటం వేరే జబ్బు. మా అత్తగారి కాలంనాటి ప్లేయరుని కొత్త ఆంప్లిఫయరుకి తగిలిస్తే పాట పీలగా, బొంగురుగా వచ్చింది. ఒక దుకాణదారు చూసి "ముల్లు పోయిందండీ, మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. పుండొకచోట, మందొకచోట! అట్టుకి ఒక జారు, ఇడ్లీకి ఒక జారు ఉన్నట్టే కార్ట్రిడ్జికీ తన జారు తనకుంటుంది. దాన్నే లోడింగు అంటారు. అయస్కాంతం రకంలో ఎక్కువవాటికి 47 వేల ఓములు కావాలి. ఆ పాత పెట్టెల్లో ఎక్కువగా ఉండే సిరామిక్‌ రకానికి పది లక్షల వరకూ కావాలి. దాన్ని తెచ్చి 47 వేలకి తగిలిస్తే మంద్రం మాయమవుతుంది. రేడియోలు బాగుచేసే కుర్రవాడొకడు మధ్యలో చిన్న సర్క్యూటు అతికించాడు. ముల్లు మార్చలేదు, పెట్టె మార్చలేదు. గొంతు గొంతయింది.

కొత్తగా కొనేవాళ్ళకీ ఇదే మాట. డబ్బాలో వచ్చే కాగితంలో ఓములతోబాటు పికోఫారడ్లని ఇంకొక లెక్క రాసి ఉంటుంది. తీగ పొడుగు పెరిగినకొద్దీ ఆ లెక్కా పెరుగుతుంది. హద్దు మీరితే 'స'లూ, 'శ'లూ చెవిలో గుచ్చుకుంటాయి. అప్పుడు కావలసింది పొట్టి తీగ, కొత్త కార్ట్రిడ్జి కాదు.

పప్పు అడుగంటుతోందని వాసనతో, అట్టు కాలిందని చప్పుడుతో చెప్పగలవాళ్ళం మనం. "నీకేం తెలుసు, ముట్టుకోకు" అంటే ఊరుకోవడమేమిటి? రికార్డులు అమ్మేద్దామనే మాట ఇంట్లో ఈసారి వస్తే, ముందు ఆ సన్నటి తీగ ఎక్కడుందో చూపించమని అడగండి.