ఒక మోటారు, ఐదు పనులు

అమెరికాలో గృహస్థులు తమ తోటలలో వాడే చిన్న ట్రాక్టర్లను గురించి కార్మిక పత్రికలో ప్రస్తావన ఏమిటని సోదరులలో కొందరికి సందేహం కలుగవచ్చు. పాడైన యంత్రాన్ని బాగుచేసుకొనే హక్కు ఎవరిదన్న ప్రశ్న వర్క్‌షాపులో చెమటోడ్చే ప్రతి కార్మికునికీ సంబంధించినదే గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో కబ్ కాడెట్ అనే తోట ట్రాక్టరును విడుదల చేసింది. ఆ కంపెనీ కార్మికులు 1979 నవంబరు నుండి 1980 ఏప్రిల్ వరకు 172 రోజులు సమ్మె సాగించిన సంగతి మన పాత కార్యకర్తలకు గుర్తుండే ఉంటుంది. 1981లో ఈ తోట ట్రాక్టర్ల విభాగం మరొక సంస్థకు అమ్ముడుపోయింది. యాజమాన్యం మారినా, ఆ కార్మికులు బిగించిన బండ్లు అనేకం నేటికీ తిరుగుతున్నాయి. వాటిలో గేరుపెట్టె కంటె ముందు అరిగేవి చిన్నచిన్న భాగాలు. ముందు ఇరుసు పిన్ను తిరిగే రంధ్రం కోలగా సాగిపోతుంది, బుష్షులు వదులవుతాయి, తుప్పుపట్టిన బోల్టు తల విరిగి లోపలనే ఉండిపోతుంది.

ఈ పనులకు కొందరు షాప్‌స్మిత్ అనే యంత్రాన్ని ఉపయోగిస్తున్నారు. జర్మనీ నుండి వలస వచ్చిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ దీనిని 1940 దశకం ద్వితీయార్ధంలో రూపొందించాడు. ఒకే మోటారుతో రంపం, లేతు, సానబట్టే పళ్లెం, నిలువు డ్రిల్లు, అడ్డ డ్రిల్లు నడుస్తాయి. పొడవైన షాఫ్టు చివర రంధ్రం చేయాలంటే సాధారణ డ్రిల్లు క్రింద అది పట్టదు. ఇక్కడ అడ్డంగా పరుండబెట్టి చేయవచ్చు. తీగ బ్రష్షు బిగిస్తే తుప్పు వదలుతుంది. నైలాను బుష్షును లేతుపై ఆకురాయితో సరిచేసుకోవచ్చు.

అయితే ఇది ప్రధానంగా వడ్రంగి యంత్రం. 1950 దశకంలో వచ్చిన మార్క్ 5 నమూనా కనిష్ఠవేగం నిమిషానికి 700 చుట్లు. మెత్తని ఉక్కులో 20 మిల్లీమీటర్ల రంధ్రానికి సుమారు 400 చుట్లు చాలు. అంతకు మించితే బిట్టు మాడిపోతుంది. వేగం తగ్గించే అదనపు గేర్లు బిగించక తప్పదు. ఉక్కును కోసే పనిముట్టును పట్టి నడిపే క్యారేజి ఈ లేతుకు లేదు. రంపపు పొట్టు పేరుకొన్న చోట ఇనుము సానబడితే నిప్పురవ్వ పడి అంటుకొనే ప్రమాదమూ ఉన్నది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఈ యంత్రం ఐదు పనులు చేస్తుంది గాని, ఒక వేళకు ఒక్కటే చేస్తుంది. పని మారిన ప్రతిసారీ బల్ల దించి, బిగింపులు సడలించి, మరల సరిచూడాలి. ఆ సమయాన్ని లెక్కించని వాడు యంత్రాన్ని ఎరుగడు. ఆరవ వేతన సంఘం సిఫారసుల అనంతరం తపాలా శాఖలో గ్రూప్ డి ఉద్యోగాలు మల్టీ టాస్కింగ్ స్టాఫ్‌గా మారిన నాటి నుండి, ఒకే మనిషి ఒకే గంటలో సంచులు మోయాలి, తలుపులు తీయాలి, కాగితాలు అందించాలి. రైల్వేలో ఫిట్టరును, వెల్డరును ఒక్కటి చేయవచ్చునని వాదించే అధికారులు ఈ ఇనుప యంత్రానికి ఇచ్చే విరామమైనా మనిషికి ఇవ్వదలచారా?

రెండవ విషయం. ఆ పాత ట్రాక్టరును విప్పడానికి రెంచీ చాలు. నేటి ట్రాక్టర్లలో లోపం ఎక్కడున్నదో తెలుసుకోవడానికే తయారీదారుని సాఫ్ట్‌వేరు కావలసి వస్తున్నది. ఈ పెత్తనాన్ని రైతులు ఎదిరించగా, కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో సంఘాన్ని నియమించి, మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. సేద్యపు పరికరాలు కూడా అందులో చేర్చినవే. కాని పోర్టల్‌లో సమాచారం ఉంచడం వేరు, చట్టం వేరు.

రైల్వే వర్క్‌షాపులకైనా, మెయిల్ మోటార్ సర్వీసుకైనా కొత్త యంత్రం కొనేటప్పుడు, మరమ్మతు గ్రంథము, విడిభాగాల పటాలు, లోపనిర్ధారణ సాఫ్ట్‌వేరు కూడా ఒప్పందంలోనే చేర్చాలని మా అభిప్రాయం. కంపెనీ మనిషి వచ్చేవరకు ఆగి ఉన్న యంత్రాలు మీ షాపులో ఎన్ని ఉన్నాయో, ఏ భాగం కొరకు ఎన్ని రోజులుగా ఆగినవో జాబితా వ్రాసి పంపవలసినదిగా శాఖా కార్యదర్శులను కోరుతున్నాము.