ప్రొబేషన్ ఆఫీసర్ సంతకు రావాలి

కొట్లాట కేసో, కలప కేసో రుజువైతే ఇక జైలే అనుకుంటారు మన గూడేల్లో. ఇంకో దారి ఉందని వకీలు కూడా చాలాసార్లు చెప్పడు. ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం. ఉరి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, మంచి నడవడికతో ఉంటానని బాండ్ రాయించుకుని కోర్టు ఆ మనిషిని ఇంటికి పంపొచ్చు. బాండ్ మూడేళ్ల వరకు ఉంటుంది. కావాలనుకుంటే ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో పెడుతుంది. 21 ఏళ్లు నిండని వాళ్ల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. యావజ్జీవం పడే నేరాలు తప్పితే, ఆఫీసర్ రిపోర్టు అడగకుండా, కారణాలు రాయకుండా వాళ్లను జైలుకు పంపకూడదు.

గంజాయి మూట మోసి దొరికిన కుర్రోళ్లకు మాత్రం ఎన్‌డీపీఎస్ చట్టం 33వ సెక్షన్ ఈ తలుపు మూసేసింది. 18 ఏళ్లలోపు వాళ్లకు, వాడకం లాంటి కొన్ని నేరాలకే మినహాయింపు. దాని గురించి వేరే రాయాలి.

ఆఫీసర్ పని నిఘా ఒక్కటే కాదు. ఇంటి పరిస్థితులు విచారించాలి, అవసరమైతే పని వెతికిపెట్టే ప్రయత్నం చేయాలి, పరిహారం కట్టడంలో సాయపడాలి. 14వ సెక్షన్‌లో రాసే ఉంది. జిల్లా కేంద్రంలో కూర్చుని, కోయ మాట రాకుండా ఇదంతా ఎట్లా చేస్తారు? బాండ్ మీదున్న కుర్రోడు మిర్చి కోతలకు పోతాడు. వాడికది బతుకు. ఫైల్లో మాత్రం "ఇంటి వద్ద లేడు" అని పడుతుంది. షరతు తప్పాడని తేలితే కోర్టు పాత నేరానికే శిక్ష వేయొచ్చు. మొదటిసారే కదా అని 50 రూపాయలు మించని జరిమానాతో సరిపెట్టి బాండ్ కొనసాగించనూ వచ్చు. రెండూ 9వ సెక్షనే. ఏ వైపు తూగుతుందో ఆ ఫైల్లో రాసే నాలుగు ముక్కల మీదే చాలావరకు ఉంటుంది.

అందుకే అడుగుతున్నా, ఏజెన్సీలో ఆఫీసర్ సంత రోజున మండలానికి రావాలి. ఆ రోజు ఎలాగూ కొండ దిగుతాం. జిల్లా కేంద్రానికి పోవాలంటే బస్సు ఛార్జీ, పైగా ఒక రోజు కూలి పోయినట్టే. వలస పోయే నెలలు ముందే బాండ్‌లో రాయించాలి. మన భాష వచ్చిన డిగ్రీ పిల్లల్ని పారాలీగల్ వాలంటీర్లుగా తోడు తీసుకోవాలి. రిపోర్టులోకి గ్రామసభ మాట ఎక్కాలి. గ్రామసభ అంటే ఇద్దరు పెద్దమనుషులు చెప్పిన మాట కాదులెండి, దెబ్బ తిన్నోళ్లు కూడా అందులో కూర్చోవాలి.

మీ ఊరోళ్ల కేసు తీర్పు దాకా వచ్చిందా? శిక్ష ఖరారు కాకముందే ప్రొబేషన్ అడగమని వకీలుకు చెప్పండి. పూచీకత్తు అడిగితే సంతకం పెట్టడానికి ఇంట్లోంచి ఒకరైనా ఆ రోజు కోర్టు దగ్గర ఉండండి, ఆధార్ జిరాక్స్‌తో సహా.