శాలువాల చాటున లెక్కకు రాని న్యూస్‌రూములు

వార్తా చానెళ్ల అధిపతులను విద్యాసంస్థలు సన్మానించడం కొత్త కాదు. వేదిక, శాలువా, జ్ఞాపిక, ‘పాత్రికేయ రంగానికీ ఉన్నత విద్యకూ చేసిన సేవ’ను కొనియాడే ప్రశంసాపత్రం. ఈ క్రమమంతా విద్యార్థులకు కంఠతా వచ్చు. విశ్వవిద్యాలయ అధ్యాపకుడిగా నేను విన్న ఇటువంటి ప్రశంసాపత్రాల్లో చానెళ్ల సంఖ్య ఉంటుంది, రేటింగుల ప్రస్తావన ఉంటుంది. ఆ పెద్దమనిషి నడిపిన న్యూస్‌రూములో ఏయే కులాల పిల్లలకు కుర్చీ దొరికిందన్న మాట మాత్రం ఉండదు. నా దృష్టిలో ఆ సేవకు అసలు కొలమానం అదే. అందుకు ఫ్రెడ్ ఫ్రెండ్లీ జీవితం మంచి ఉదాహరణ.

ఎడ్వర్డ్ మరోతో కలిసి 1954లో సెనెటర్ మెకార్తీని తెరపై నిలదీసిన నిర్మాత ఫ్రెండ్లీ. వలస వ్యవసాయ కూలీల దుస్థితిని చూపిన ‘హార్వెస్ట్ ఆఫ్ షేమ్’ 1960లో ఆయన పర్యవేక్షణలోనే వచ్చింది. 1964లో సీబీఎస్ వార్తా విభాగానికి అధ్యక్షుడయ్యారు. 1966 ఫిబ్రవరిలో వియత్నాం యుద్ధంపై సెనేట్ విచారణ జరుగుతుండగా, సంస్థ దాన్ని ప్రత్యక్షంగా చూపకుండా ‘ఐ లవ్ లూసీ’ అనే పాత హాస్య ధారావాహికను పునఃప్రసారం చేసింది. ఫ్రెండ్లీ రాజీనామా చేసి కొలంబియా విశ్వవిద్యాలయ జర్నలిజం పాఠశాలలో ఆచార్యుడిగా చేరారు. ఆయన్ను స్మరించేవారు ఎక్కువగా ఈ రాజీనామా దగ్గరే ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి ఘట్టం.

నగరాల్లో చెలరేగిన జాతి ఘర్షణలపై నియమించిన కెర్నర్ కమిషన్ 1968లో నివేదిక ఇచ్చింది. వార్తారంగంలోని సంపాదకీయ ఉద్యోగాల్లో నల్లజాతివారు 5 శాతం కన్నా తక్కువని, సంపాదక, పర్యవేక్షక స్థానాల్లో 1 శాతం కన్నా తక్కువని తేల్చింది. అదే ఏడాది వేసవిలో ఫ్రెండ్లీ కొలంబియాలో నల్లజాతి, ఇతర మైనారిటీ యువతకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టారు. అర్హులు దొరకడం లేదన్న యాజమాన్యాల సాకుకు అది ఆచరణలో ఇచ్చిన జవాబు. అక్కడ శిక్షణ పొందిన మిషెల్ క్లార్క్ సీబీఎస్ విలేఖరి అయ్యారు. 1972లో ఆమె విమాన ప్రమాదంలో మరణించగా ఆ కార్యక్రమానికి ఆమె పేరే పెట్టారు.

ఇందులో ఫ్రెండ్లీని దేవుణ్ణి చేయవలసిన పని లేదు. ఆయన అధ్యక్షుడిగా ఉన్న న్యూస్‌రూము కూడా దాదాపు తెల్లవారిదే. కొలంబియాలో ఆ శిక్షణ 1974లో ఆగిపోయింది. దాన్ని బర్క్‌లీకి తరలించి నిలబెట్టినవారు రాబర్ట్ మేనార్డ్ వంటి నల్లజాతి పాత్రికేయులే. పై నుంచి తెరిచిన తలుపు మూసుకుపోకుండా కాపాడే బరువు చివరికి బాధితుల భుజాల మీదే పడుతుందని మన అనుభవమూ చెబుతుంది. అయితే ఆ ఒత్తిడి ఒక ఫలితమిచ్చింది. 1978లో అమెరికా దినపత్రికల సంపాదకుల సంఘం న్యూస్‌రూములలో మైనారిటీల వాటా 2000 నాటికి జనాభాలో వారి వాటాతో సమానం కావాలని తీర్మానించి, ఏటేటా లెక్కలు ప్రచురించింది. ఆ లక్ష్యం అందదని ముందే తేలడంతో గడువును 2025కు పొడిగించారు; 2000 నాటికి చేరింది సుమారు 12 శాతానికే.

ఆ 2025 ఎలా గడిచిందో చూశాం. జూలైలో కొలంబియా ట్రంప్ ప్రభుత్వంతో 22 కోట్ల డాలర్లకు పైగా చెల్లించే ఒప్పందం చేసుకుంది. అదే నెలలో సీబీఎస్ మాతృసంస్థ పారామౌంట్ ట్రంప్ దావాను 1.6 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. దాన్ని కొనుగోలు చేస్తున్న స్కైడాన్స్ వైవిధ్య కార్యక్రమాలు ఉండబోవని ప్రభుత్వ నియంత్రణ సంస్థకు రాసిచ్చింది. ఫ్రెండ్లీ పనిచేసిన రెండు సంస్థలూ ఒకే నెలలో తలవంచాయి.

ఇక మన సంగతి. అంబేడ్కర్ చదివిన విశ్వవిద్యాలయం కూడా కొలంబియానే. 1952లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చిందీ అదే. ఆయన 1920లో ‘మూక్‌నాయక్’ ప్రారంభించినప్పుడు, డబ్బు చెల్లిస్తామన్నా ‘కేసరి’ ప్రకటన వేయడానికి ఒప్పుకోలేదు. డెబ్బయ్యారేళ్ల తర్వాత, 1996లో, వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ విలేఖరి కెన్నెత్ కూపర్ ఇక్కడి పత్రికల్లో దళిత పాత్రికేయుల కోసం వెతికారు. ఆయన నల్లజాతివారు కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. లేనివారి లోటు కనబడాలంటే అలాంటి కన్నే కావాలి. ఆ ఏడాదే బి.ఎన్. ఉనియాల్ ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది పాత్రికేయుల జాబితాను జల్లెడ పట్టారు. ఒక్క దళితుడూ దొరకలేదు. 2006లో ఢిల్లీ మీడియాలోని 315 మంది కీలక నిర్ణేతలను పరిశీలించినా అదే శూన్యం. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ అధ్యయనం చూసిన 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రవర్ణాలవి. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు.

అర్హత కొరత అన్న వాదన ఇక్కడ నిలవదు. రిజర్వేషన్ల వల్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల జర్నలిజం శాఖల నుంచి దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థులు ఏటా పట్టాలతో బయటకు వస్తున్నారు. ఆ పట్టాకూ చానెల్ కొలువుకూ మధ్య సిఫారసు, పరిచయం, కులబంధుత్వం కాపలా కాస్తుంటాయి. ప్రైవేటు కొలువుల్లో రిజర్వేషన్ లేదు; ఎవరిని తీసుకున్నారో చెప్పాల్సిన బాధ్యతా లేదు.

2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కుల సర్వే చేసింది. 2025 ఏప్రిల్ 30న కేంద్రం జనగణనలో కులాన్ని లెక్కిస్తామని ప్రకటించింది. వీటిపై మన చానెళ్లు రాత్రుళ్లు చర్చలు జరిపాయి. ‘ఎవరెంతో వారికంత’ అన్న నినాదాన్ని తెర మీద పరుగులు పెట్టించాయి. అడిగేవారి కులమేమిటో, ఆ ప్రశ్నలు రాసిచ్చే డెస్కులో ఎవరున్నారో ఆ చర్చల్లో లెక్కకు రాలేదు. ఇకపై ఏ వార్తాధిపతికైనా ఉన్నత విద్య పేరిట గౌరవం ప్రతిపాదిస్తే, ఆయన సంస్థ గత పదేళ్లలో ఎంపిక చేసుకున్న వారి సామాజిక వివరాలను ప్రతిపాదనకు జతచేయమని మా పాలకమండళ్లు అడగాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క తీర్మానం చాలు.