తాతయ్య వేళ్లకు దువ్వెన పళ్లు!

ముందుగదిలో టీవీ ముందు ఇల్లంతా చేరింది. ఏడాది కిందట కన్నుమూసిన తాతయ్య షష్టిపూర్తి వీడియో వేస్తున్నారు మరి. 2010లో అమెరికా నుంచి వచ్చిన పెద్దకొడుకు వెంట తెచ్చుకున్న హెచ్‌డీ హ్యాండీక్యామ్‌తో తీసింది అది. హార్డ్‌డిస్కులో ఓ మూలన పడి ఉన్న ఆ ముక్కలన్నిటినీ మనవడు రెండు రాత్రులు కూర్చుని ఎడిట్ చేశాడు. తెరమీద తాతయ్య నవ్వాడు. మనవళ్లమీద అక్షింతలు వేయడానికి చెయ్యెత్తాడు... అంతే! వేళ్ల అంచులన్నీ దువ్వెన పళ్లలా చీలిపోయాయి. లేచి నడుస్తోంటే కుదుపులు.

‘అప్పుడు కెమెరాకి వైరు పెట్టి ఇదే టీవీలో చూశాం కదరా, ఇలా లేదే!’ అంది నానమ్మ.

నిజమే, అప్పుడు లేదు. కెమెరా బాగానే తీసింది, మనవడు బాగానే అతికాడు. తేడా వచ్చిందల్లా చివర్లో. కమ్మగా వండి, వడ్డించేటప్పుడు ఒలకబోసినట్టు... ఎక్స్‌పోర్ట్ నొక్కగానే వచ్చే పెట్టెలోని సెట్టింగుల దగ్గర! చాలామంది అక్కడ ఏం ఉంటే అదే ఉంచి ‘ఓకే’ కొట్టేస్తారు. ఆ పెట్టెలో చూసుకోవాల్సినవి నిజానికి నాలుగే.

ఎన్ని బొమ్మలు?

వీడియో అంటే గబగబా మారే ఫొటోలే. మన దేశంలో అమ్మిన క్యామ్‌కార్డర్లు పాల్ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు తీసేవి. అమెరికాలో కొన్నవి దాదాపు 30... కచ్చితంగా చెప్పాలంటే 29.97. మనవడు మన దేశం కదా అని 25 పెట్టాడు. దాంతో సాఫ్ట్‌వేర్ సెకనుకి అయిదు ఫ్రేముల చొప్పున పారేసింది. కుదుపులకు కారణం అదే. కెమెరా ఎలా తీసిందో ఎక్స్‌పోర్ట్‌లోనూ అదే ఉండాలి. తెలుసుకోవడం కష్టమేం కాదు. మీడియాఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే జాతకమంతా చెప్పేస్తుంది.

సగం సగం బొమ్మలు

ఆనాటి హెచ్‌డీ కెమెరాలు చాలావరకు ‘1080ఐ’. ఐ అంటే ఇంటర్‌లేస్డ్. బొమ్మలోని 1080 గీతల్లో ముందు ఒక వరస విడిచి ఒక వరస 540, రెప్పపాటు తర్వాత మిగతా 540 తీస్తాయి. ఈలోగా చెయ్యి కదిలితే రెండు సగాలూ ఒకదానితో ఒకటి కలవవు. అదే దువ్వెన! కెమెరాను నేరుగా కలిపినప్పుడు ఆ సగాలను టీవీయే సర్దుకుంది. మనవడేమో ‘ప్రోగ్రెసివ్’ ఎంచుకుని, ‘డీఇంటర్‌లేస్’ దగ్గర టిక్ పెట్టడం మరచిపోయాడు. గీతలు వీడియోలోనే అచ్చయిపోయాయి. ఇక ఏ టీవీలో వేసినా పోవు.

ఫోన్లోనో కంప్యూటర్లోనో చూసేదైతే డీఇంటర్‌లేస్ చేసి ప్రోగ్రెసివ్‌గా తీయాలి. ఫ్రేములు సెకనుకి 50 (అమెరికా కెమెరా అయితే 59.94) పెట్టుకుని, ఒక్కో సగాన్నీ ఒక్కో పూర్తి ఫ్రేముగా మలిచే పద్ధతి ఎంచుకుంటే కదలిక నున్నగా ఉంటుంది. ఫీల్డ్ ఆర్డర్ అడిగితే హెచ్‌డీకి ‘అప్పర్ ఫస్ట్’. పాత డీవీ టేపులకు ‘లోయర్ ఫస్ట్’. తారుమారైతే మనుషులు ముందుకీ వెనక్కీ వణుకుతారు.

సన్నబడ్డ పెళ్లికూతురు

మూడోది కొలత. 1080ఐ హెచ్‌డీవీ టేపు కెమెరాలు, కొన్ని ఏవీసీహెచ్‌డీ కెమెరాలూ 1440 × 1080లో తీస్తాయి. చూపించేటప్పుడు అడ్డంగా 1920కి సాగుతుంది. ఆ సాగతీత లేకుండా చదరపు పిక్సెళ్లతో 1440గానే ఎక్స్‌పోర్ట్ చేస్తే బొద్దుగా ఉన్న పెళ్లికూతురు కూడా సన్నగా, పొడుగ్గా అయిపోతుంది. 1920 × 1080, చదరపు పిక్సెళ్లు... ఇవి పెట్టేస్తే గొడవే ఉండదు.

బరువెంత?

నాలుగోది బిట్‌రేట్. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీలో ఇది మొదట గరిష్ఠంగా సెకనుకి 24 మెగాబిట్లు, 2011 నుంచి 28. ‘ఎక్కువ పెడితే బొమ్మ ఇంకా బాగుంటుందేమో’ అని 50 పెట్టేవాళ్లున్నారు. చెంబెడు నీళ్లు గంగాళంలో పోసినంత మాత్రాన పెరుగుతాయా?

లెక్క తేలిక. బిట్‌రేట్‌ను సెకన్లతో హెచ్చించి 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. గంట వీడియోకి 24 అయితే 10.8 జీబీ, 16 అయితే 7.2 జీబీ. ఇంట్లో చూసుకోవడానికి హెచ్.264, ఎంపీ4 పద్ధతిలో 16 పెడితే సాధారణంగా సరిపోతుంది. యూట్యూబ్ తనకిచ్చే 1080పీ వీడియోకి మామూలు ఫ్రేములైతే 8, సెకనుకి 50-60 అయితే 12 సూచిస్తోంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. వీడియోను రెండు భాగాలు చేసుకోవాలి. లేదా టీవీకి పనికొస్తుందో లేదో చూసుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి. పాల్ పద్ధతి డీవీడీ కావాలంటే వేరేగా 720 × 576లో తీయాల్సిందే. అది హెచ్‌డీ కాదు.

మొత్తం తీసేముందు ఇరవై సెకన్ల ముక్కతో పరీక్షించుకోవడం మంచిది. అదీ కదలిక బాగా ఉన్న చోట... తలంబ్రాలో, పిల్లల గెంతులో!

అసలు పోతే...

అసలైన సంగతి ఇంకోటుంది. వీడియో తయారైంది కదా అని మనవడు కెమెరా ఫైళ్లు తీసేయబోయాడు, డిస్కులో చోటు కోసం. ‘ఉండనీరా’ అని నానమ్మే ఆపింది. ఆ మాటే కాపాడింది. ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంత నష్టపోతుంది. పోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు. అందుకే అసలు ఫైళ్లను కెమెరాలోని ఫోల్డర్ మొత్తంగా, రెండు వేర్వేరు డిస్కుల్లో దాచుకోవాలి. పొడవైన దృశ్యాన్ని కెమెరా ముక్కలుగా రాస్తుంది. విడివిడిగా లాగితే అతుకుల దగ్గర మాటలు తెగొచ్చు.

మనవడు సెట్టింగులు మార్చి మళ్లీ తీశాడు. పై ఆదివారం అందరూ మళ్లీ టీవీ ముందు చేరారు. తాతయ్య చెయ్యెత్తాడు. ఐదు వేళ్లూ చక్కగా కనిపించాయి. అక్షింతలు గింజ గింజగా రాలాయి. ఈసారి నానమ్మ వంక పెట్టలేదు. ‘ఆ అక్షింతల దగ్గర మళ్లీ ఓసారి వెయ్యి’ అంది.