దాస్యము తొలగినదా?

లేపాక్షి యను పేరునకు జనులు రెండు కథలు చెప్పుదురు. రావణుని నెదిర్చి రెక్కలు తెగి పడియున్న జటాయువును గాంచి శ్రీరాముడు "లే, పక్షీ" యని పలికిన చోటిదియే యని యొక కథ. రాజధనమును గుడికి వ్యయపఱచెనని అచ్యుతరాయలు శిక్ష విధింపగా, కోశాధికారి విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసరెనని మఱొక కథ. ఆ గోడమీది యెఱ్ఱని మరకలను నేటికిని యాత్రికులకు జూపుదురు. ఇవి చరిత్రలు గాకపోవచ్చును. వానిలోని ధర్మము మాత్రము స్పష్టము. గెలువజాలనని యెఱిగియు నెదిరించినవాడు స్వతంత్రుడు. తలారి రాకమున్నే తన శిక్షను తానే నెఱవేర్చుకొన్నవాడు దాసుడు.

దాస్యమన రాజకీయ దాస్య మొక్కటియే యని తలచుట పొరపాటు. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి ఒప్పగించినప్పుడు ఇచ్చటి రైతు నడిగినవా రెవ్వరు? సంతలో పశువు పగ్గము చేతులు మారినట్లు దేశము చేతులు మారినది. ఆ పగ్గము 1947లో తెగినది. తక్కిన పగ్గములు తెగినవా?

ధర్మవరపు మగ్గమును జూడుడు. షావుకారు కింద నేయువానికి పట్టు తనది గాదు, జరీ తనది గాదు, నేసిన చీర తనది గాదు. తనది యనదగినది ముందుగా తెచ్చుకొన్న అప్పు. అది తీరువఱకు మఱొకనియొద్ద నేయుటకు వలనుపడదు. ఇది ఆర్థిక దాస్యము. అతని భార్య తెల్లవాఱినది మొదలు కండెలు చుట్టును. చీర కూలిలో ఆమె పేరు లేదు. ఇది గృహదాస్యము. తాను చదువలేని భాషలోని ఋణపత్రముపై రైతు వ్రేలిముద్ర వేయును. దానిని చదువగల అతని కుమారుడు తెలుగున మాటాడ సిగ్గుపడును. ఇది మనోదాస్యము. అన్నిటిలో కడపటిదే ఘోరమైనది. ఏలయన, అది తక్కినవానిని సహజమని నమ్మించును.

"ఒప్పుకొనియే గదా అప్పు తీసికొనెను, బలవంత మెక్కడ?" అని కొందఱు పెద్దమనుష్యులు ప్రశ్నింతురు. ఆకలి వ్రాయించిన యొప్పందము ఒప్పందమా? విరూపణ్ణయు తన చేతితోనే తన కన్నులు పెరికికొనెను. దానిని స్వేచ్ఛ యందుమా? 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని నిషేధించుటయే గాక, దానికి మూలమైన ఋణమును సైతము రద్దుపఱచినది. ఋణముచే మనుష్యుని కట్టివేయుట నేరమని దేశమే యొప్పుకొనియుండ, ఇంక వాదమేల?

పట్టును జరీని నేతగాండ్ర సహకార సంఘములే కొని యుంచవలెను. కండె చుట్టిన చేతికి వేఱుగా కూలి కట్టవలెను. ఋణపత్రములు తెలుగున నుండవలెను. ఇవి దయాభిక్షలు గావు, హక్కులు. గోడమీది మరకను జూచి నిట్టూర్చి యింటికి మరలుట చాలదు. ఆ యూరి పేరులోనే "లే" యను పిలుపు కలదు. విని లేవవలసినది మనము.